తప్పించుకున్న నీళ్లు

జీపు ఆగేసరికి ఈదమ్మ గుండ్రటి పుట్టి పడవను బోర్లించి అడుగుకు తారు పూస్తోంది. చీపురు మొదలును తారు డబ్బాలో ముంచి, వెదురు అల్లిక మీద కప్పిన సంచుల అతుకుల వెంట రుద్దుతుంది. తర్వాత బొటనవేలితో అదిమి చూస్తుంది. కాగిన తారు అంటినా వేలు వెనక్కి తీయదు. పక్కన ఆమె పెనిమిటి వీరేశం వెదురు చీరుతున్నాడు. పుట్టి అల్లడం ఆయన పని, నడపడం ఆమె పని. పెళ్లయిన కొత్తలో ఒకసారి ఆయనా నడపబోయాడు. ఏటి నడుమ పుట్టి గిరగిరా తిరిగితే కడుపులో తిప్పి ముగ్గురు ఆడవాళ్ల చీరలు ఖరాబు చేశాడు. అప్పటినుంచి మోకాలు దాటి నీళ్లలో దిగింది లేదు. ఈ ముచ్చట వేరేవాళ్లు చెప్పనక్కర్లేదు, వచ్చినవాళ్లందరికీ ఆయనే చెప్పుకుని నవ్వుతాడు.

"వచ్చిండ్రే," అన్నాడు వీరేశం. "ఏటికి పెండ్లిచూపులు. జర మొఖమన్న కడుక్కో."

"చూసుకునేది ఏటిని గదా, నన్నెందుకు చూస్తరయ్యా?" అంది ఈదమ్మ. అందే గాని, లేచి కిరోసిన్ గుడ్డతో వేళ్లు తుడుచుకుంది, కొప్పు విప్పి మళ్లీ ముడిచింది.

నిజానికి అవి పెళ్లిచూపులే. హైదరాబాదులో ఒక కంపెనీ ఉంది. ఎగిరిపడే నీళ్లలో జనాన్ని రబ్బరు పడవల మీద తిప్పడం దాని పని. రాఫ్టింగ్ అంటారు. ఈదమ్మకు తెలిసినంతలో అది పడవ షికారు, అంతే. పాలమూరు వైపు ఒక నదిని ఎంచుకుని ఈ ఆట మొదలుపెట్టాలని వాళ్ల ఆలోచన. జూరాల ఆనకట్టకు దిగువన తుమ్మరేవు దగ్గర కృష్ణ, ఆలంపూర్ దగ్గర తుంగభద్ర. రెండిట్లో ఒక్కటే. తేల్చుకోవడానికి మూడు రోజులు పెట్టుకున్నారు. ఈదమ్మ కూతురు కోమల డిగ్రీ చదివి ఆరు నెలల కింద ఆ కంపెనీ ఆఫీసులోనే చేరింది. వరదప్పుడు వంతెన మీదినుంచి తీసిన వీడియో చూపించి కృష్ణ పేరును లిస్టులోకి ఎక్కించింది ఆ పిల్లే.

ఈదమ్మకు కావలసింది కూడా ఒక్కటే. నాలుగేళ్ల కింద రేవుకు దిగువన వంతెన కట్టారు. మంచిదే, దవాఖానకు పోయేవాళ్ల తిప్పలు తప్పాయి. ఆ మాట ఆమే అంటుంది. కాని ఇరవై ఎనిమిదేళ్లు జనాన్ని ఏరు దాటించిన మనిషి ఇప్పుడు పొద్దున్నే ఒడ్డున కూర్చుని మోటారు సైకిళ్ల చప్పుడు వింటోంది. ఈ ఏరు గెలవాలి, ఈ ఏట్లో పడవ నడిపేది తను కావాలి. కోరిక అంతే. దాచుకోనూ లేదు, ఊళ్లో సగం మందికి చెప్పేసింది.

జీపులోంచి కోమల దిగింది, ఆమె వెనక శ్రవణ్‌కుమార్. ముప్పై ఐదేళ్లుంటాయి. ఎండకు ముక్కు మీద చర్మం పొరలు లేచింది. పోచంపల్లి నేతగాళ్ల ఇంటి పిల్లవాడు. మగ్గం గుంటలో కూర్చోలేక హిమాలయాల వైపు పోయి, అక్కడి నదుల్లో పదేళ్లు తెడ్డు వేసి వచ్చాడు. ఆ పదేళ్లలో ఊరి మాట ఎక్కడో జారిపోయింది. ఇప్పుడు టీవీ వార్తలు చదివినట్టు మాట్లాడతాడు.

"ముందు కాగితం పని అయిపోనివ్వండి," అంటూ జీపు ముందు భాగం మీద ఫైలు పరిచాడు. "కోమలా, రాసుకోండి. గైడ్లు ఇద్దరు, ఋషికేశ్ నుంచి వస్తారు. స్థానికులు ఆరుగురు, మోతకు. అందులో మొదటి పేరు మీ అమ్మగారిదే రాయండి."

మర్యాదగానే అన్నాడు. అదే చిక్కు. కసిరి ఉంటే ఈదమ్మ తిరిగి కసిరేది.

కోమల కలం ఆగింది. మళ్లీ కదిలింది. మోత అన్న గడిలో అమ్మ పేరు తన చేత్తోనే రాసింది.

"మోతంటే ఏంది బిడ్డా, ఏం మొయ్యాలె?" అని అడిగింది ఈదమ్మ.

"పడవ అమ్మా. ఒడ్డుకెళ్లి నీళ్ల దాంక, నీళ్లకెళ్లి ఒడ్డు దాంక."

"మరి నీళ్లల్ల?"

"నీళ్లల్ల గైడ్లు ఉంటరు." కోమల తల ఎత్తలేదు.

ఈదమ్మ తారు అంటిన వేళ్లను మళ్లీ గుడ్డతో తుడుచుకుంది. కాని సారు ఇంకా ఏరు చూడలేదు కదా, చూశాక మనసు మారదా అనుకుంది. సరిగ్గా అప్పుడే శ్రవణ్‌కుమార్, "అమ్మా, ఈ నదిలో నీకు తెలిసినంతలో అన్నిటికన్నా మంచి దారి ఒకసారి చూపిస్తావా?" అన్నాడు. అడగాల్సిన మనిషిని అడగాల్సిన మాటే అడిగాడని ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

పుట్టి ఎత్తి నీళ్లలో వేసింది. నడుముకు చెక్కుకున్న గుడ్డసంచిలోంచి జొన్నబెండు ముక్కలు తీసింది. ఎండిన జొన్నకర్ర పై పెచ్చు ఒలిచేస్తే మిగిలే తెల్లటి మెత్తటి గుజ్జు అది, బొటనవేలంత. రేవు దిగేముందు ఒక బెండు విసిరి అది ఎటు పోతుందో చూడందే ఈదమ్మ పుట్టి కదపదు. ఆమెకు తెడ్డు నేర్పిన మేనత్త కూడా అంతే. బెండు కుడికి వాలింది. ఈదమ్మ తల ఊపి, అందర్నీ ఎక్కమంది. వీరేశం అందించిన చాయ గ్లాసును శ్రవణ్‌కుమార్ ముందు, పుట్టి అడుగున పెట్టింది. అంచుదాకా నిండు గ్లాసు.

మడుగు మీదుగా తీసుకెళ్లింది. రెండు బండల సందులో నీళ్లు నూనెలా జారే చోట తెడ్డు ఒక్కసారి ఆనించి వదిలేసింది. పుట్టి ఒక్క చుట్టు తిరిగి దానంతట అదే అవతలి పాయలో పడింది. రెల్లు పూత మధ్యనుంచి, కొంగలు కూడా లేవనంత నిమ్మళంగా, అరగంటలో అవతలి గడ్డకు చేర్చింది. గ్లాసులో చాయ బొట్టు తొణకలేదు. పురిటి నొప్పుల మనిషిని కూడా ఈ దారినే తీసుకుపోయి దవాఖానకు అందించింది ఆమె. ఈ దారి కనిపెట్టడానికి ఎన్నేళ్లు పట్టిందో ఆమెకే తెలుసు.

శ్రవణ్‌కుమార్ గ్లాసు తీసి చల్లారిన చాయ తాగాడు. "చాలా బాగుందమ్మా," అని, కోమల వైపు తిరిగి ఇంగ్లీషులో ఏదో అన్నాడు. కోమల ముఖం వాడిపోయింది.

"ఏమంటుండు?"

"ఇది పనికి రాదంటుండమ్మా. రేపు ఆలంపూర్ చూస్తరట. అదే ఖాయం అయ్యేటట్టుంది."

"ఎందుకు పనికి రాదు? ఇంతకంటే మంచి దారి ఇంకేడుంది?"

ఈ ఏట్లో ఎగిరిపడే నీళ్లు లేవని అమ్మ ముఖం మీద అనలేక కోమల పక్కకు తిరిగింది. ఆమె పుట్టిలోనే పెరిగింది. బడికి పుట్టిలోనే పోయి వచ్చింది. కాని అమ్మ తీసుకుపోయిన దారి తప్ప ఆ ఏట్లో వేరే నీళ్లు ఉన్నాయని ఎన్నడూ చూడలేదు. వరదప్పుడు తప్ప ఏరంటే ఇట్లాగే ఉంటుందనుకుంది.

*

మర్నాడు ఆలంపూర్‌కు మోత కూలీగానే పోయింది ఈదమ్మ. వద్దని వీరేశం అన్నాడు. "నిన్ను కాదన్నోని పడవ నువ్వెందుకు మోస్తవే? సిగ్గుండాలె," అన్నాడు. "మోస్తనని మాటిచ్చిన," అంది ఆమె. అది సగం నిజం. తన ఏటిని ఓడించిన ఏరు ఎట్లా ఉందో కళ్లారా చూడాలన్నది మిగతా సగం. చివరికి వీరేశం కూడా తువ్వాల చుట్ట చేసుకుని జీపెక్కాడు.

రబ్బరు పడవ నలుగురి మోత. తలమీద తువ్వాలలు చుట్టుకుని, ముందు ఈదమ్మ, వీరేశం, వెనక ఆలంపూర్‌వాళ్లు ఇద్దరు. గుళ్ల గోపురాలు ఎడమవైపు వదిలేసి, కంపచెట్ల మధ్యనుంచి తుంగభద్రలోకి దిగే రాళ్లబాట పట్టారు. పడవ కిందనుంచి ఈదమ్మకు తన పాదాలు, ముందున్న రెండు అడుగుల నేల తప్ప ఏమీ కనబడలేదు. ఇరవై ఎనిమిదేళ్లు ఏటిని చూస్తూ నడిచిన మనిషికి అట్లా నేల చూస్తూ నడవడం ఒళ్లు మండించింది.

పడవ నీళ్లలో వేశాక శ్రవణ్‌కుమార్, కోమల, కంపెనీ కుర్రాళ్లు నలుగురు ఎక్కారు. ఈదమ్మ ఒక బండ ఎక్కి నిలబడింది. పడవ కొంత దూరం నెమ్మదిగా పోయింది. ముందర నీళ్లు తెల్లగా విరిగిపడుతున్న చోటు ఉంది. ఈదమ్మ చూడగానే పట్టుకుంది. కింద బండ, బండ వెనక గుంట. ఎడమకు కొట్టాలి, ఇప్పుడే కొట్టాలి. "ఎడుమకు! ఎడుమకు కొట్టు బిడ్డా!" అని అరిచింది. ఎవరికీ వినపడలేదు. శ్రవణ్‌కుమార్ పడవను నేరుగా ఆ తెల్లటి నీళ్ల నోట్లోకే తోశాడు. పడవ ముక్కు పైకి లేచింది, మనుషులు నీళ్లలో కనబడకుండా పోయారు. ఈదమ్మ బండ అంచుదాకా పరుగెత్తింది.

మరుక్షణం పడవ అవతల తేలింది. అందులో ఏడుపు లేదు. తెడ్లు పైకెత్తి కేకలు, నవ్వులు. కోమల నిలువునా తడిసి, జుట్టంతా ముఖం మీద పడి, చిన్నపిల్లలా గంతులేస్తోంది.

ఈదమ్మ ఆ బండ మీదే చతికిలబడింది. కాసేపు ఏమీ అర్థం కాలేదు. తర్వాత ఒక్కసారి అంతా అర్థమైంది. నవ్వు పుట్టుకొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది.

"ఏందే, గాలి సోకిందా?" అన్నాడు వీరేశం.

"అయ్యో, గీ పనికా! గీ పని కోసమా వీండ్లు వచ్చింది! నేను పోయి నిండు గ్లాసు పెట్టి నిమ్మళంగ తీస్కపోతినే! ఎంత పిస్సదాన్నయ్యా!"

పడవ పైకి మోసుకొచ్చి జీపు దగ్గర దించాక ఆమె నేరుగా శ్రవణ్‌కుమార్ దగ్గరికి వెళ్లింది. ఆయన తువ్వాలతో తల తుడుచుకుంటున్నాడు.

"సారూ, మీకు గావాల్సింది గిసొంటి నీళ్లా? తన్నేటియి, ఎగిరేసేటియి?"

"అవునమ్మా. ఇక్కడ మంచివి మూడు ఉన్నాయి."

"మాకాడ పదకొండు ఉన్నయ్."

ఆయన తుడుచుకోవడం ఆపాడు. "నిన్న ఒక్కటి కూడా చూపించలేదేం?"

"మంచి దారి చూపెట్టమన్నరు, చూపెట్టిన. మా దిక్కు మంచి దారంటే మనిషి తడవకుంట పోయేది. ఆ పదకొండు నేను జిందగీ అంత తప్పించుకొని తిరిగిన జాగాలు. తప్పించుకోవాలంటే అవి ఏడున్నయో నాకు ఎర్కుండాలె గదా సారూ. ఎండల ఏడ ఉంటయో ఎర్క, గేట్లిడిస్తే ఏడికి జరుగుతయో ఎర్క. ఒక్కొక్కదానికి పేరుంది."

"పేర్లున్నాయా?"

"గాడిదతన్ను. పంటిసందు. అత్తగారిల్లు, ఆడికి పోతే తొందరగ ఇడ్వరు. తిరుగలి..." అని వేళ్లు మడుస్తూ పోయింది. జీపు తలుపు పట్టుకుని నిలబడ్డ కోమల తల్లిని కొత్త మనిషిని చూసినట్టు చూసింది. ఇన్నేళ్లలో ఈ పేర్లు ఒక్కటి కూడా ఇంట్లో వినలేదు.

"నాకు ఎన్నడు చెప్పకపోతివి అమ్మా."

"పొద్దున లేస్తే బడికి ఏరు దాటే పిల్లకు గవన్ని చెప్పి బుగులు పెట్టాల్నా?"

శ్రవణ్‌కుమార్ నదివైపు ఒకసారి, ఈదమ్మ వైపు ఒకసారి చూశాడు. రేపు ఒక్కరోజు మిగిలి ఉంది.

"ఒక్క షరతు," అంది ఈదమ్మ. "రేపు నేను మొయ్య. నీళ్లల్ల కూసుంట."

*

మూడో రోజు పొద్దున తుమ్మరేవులో కొప్పు మీద హెల్మెట్ పట్టలేదు. ఈదమ్మ విసుక్కుంటూ కొప్పు విప్పి జడ వేసుకుంది. లైఫ్ జాకెట్ పట్టీలు శ్రవణ్‌కుమార్ స్వయంగా బిగించి, పడవలోంచి పడితే కాళ్లు ముందుకు చాపి వెల్లకిలా తేలాలని చూపించాడు. ఆమె శ్రద్ధగా విన్నది. పని తెలిసినవాడి మాట ఎవరిదైనా ఆమె వింటుంది. ఒడ్డున వీరేశం మాత్రం, "పెండ్లిల గూడ ఇంత సింగారించలేదు," అని అందరికీ వినబడేలా అన్నాడు.

పడవ వెనక, దారి పట్టించే చోట కూర్చుంది ఈదమ్మ. చేతిలో పొడవాటి తెడ్డు. ఆమె పక్కనే శ్రవణ్‌కుమార్, ముందర కోమల, కుర్రాళ్లు. బెండు విసిరింది. చూసింది. "పదండ్రి," అంది.

మొన్నటి మడుగు దాటాక కుడికి పోయే పాయను వదిలి ఎడమకు తిప్పింది. నీళ్ల చప్పుడు మారింది. రెల్లు తొలగగానే ముందర గాడిదతన్ను కనబడింది. ఏనుగు వీపంత బండ, దానిమీదికి నీళ్లు ఎక్కి అవతలికి ఒక్కసారిగా విసిరేస్తున్నాయి. శ్రవణ్‌కుమార్ కళ్లు మెరిశాయి. "నేరుగా," అన్నాడు.

"నేరుగనే," అంది ఈదమ్మ. పళ్లు బిగించింది. ఇరవై గజాలు. పది గజాలు. ఇక ఐదు గజాలుందనగా ఆమె చేతులు వాటంతట అవే తెడ్డును కుడికి తోశాయి. పడవ బండ పక్కనుంచి వెన్నలా జారి నిమ్మళమైన నీళ్లలో ఆగింది. ఎవరి మీదా చుక్క పడలేదు.

కుర్రాళ్లలో ఒకడు నవ్వు ఆపుకోలేక దగ్గాడు. కోమల తల తిప్పి అమ్మ ముఖం చూసి, వాడి మోకాలి మీద తెడ్డుతో ఒక్కటి పెట్టింది.

ఈదమ్మ తన చేతుల వైపు చూసుకుంది. "నేను చెప్పిన మాట ఇంటలేవు," అంది. గొంతులో సిగ్గు లేదు, ఆశ్చర్యమే. "ఇరవై ఎనిమిదేండ్ల అలవాటు. మనుషులను తీస్కపోయి బండకు కొట్టమంటే ఎట్ల కొడ్తయి?"

శ్రవణ్‌కుమార్ నవ్వలేదు. "మా నాయనమ్మ కూడా అంతే," అన్నాడు మెల్లగా. "తెగిన పోగు చూస్తే చేతులు ఆగవు. ఎవరి మగ్గమైనా సరే, అతికేసి పోయేది."

"అయితే తెడ్డు నువ్వు పట్టు తమ్మీ," అని ఆమె తెడ్డు ఆయన చేతిలో పెట్టింది. సారు అనలేదని ఆమెకూ తోచలేదు, ఆయనకూ తోచలేదు. "నేను నోటితోని చెప్త. నా నోరు నా మాట ఇంటది."

పడవను మళ్లీ పైకి లాక్కొచ్చారు. ఈసారి ఈదమ్మ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, వాటిని మోకాళ్ల మధ్య ఇరికించుకుంది. "జర ఎడుమకు. ఇంక జర. ఇప్పుడు ఆగుండ్రి, ఏరే గుంజుకుంటది. వంగుండ్రి!" గాడిద నిజంగానే తన్నింది. పడవ గాల్లోకి లేచింది, చల్లటి నీళ్లు నెత్తిమీద కుండతో గుమ్మరించినట్టు పడ్డాయి. ఏమీ కనబడని ఆ తెల్లదనంలో శ్రవణ్‌కుమార్ గొంతు పగిలేలా అరిచాడు:

"ఓరి నాయినో! సచ్చినంరో! గిదేం తన్నుడురా వారి!"

టీవీ వార్తలు పోయి పోచంపల్లి బయటికి వచ్చింది. ఈదమ్మ పకపకా నవ్వింది. ఆమె కూడా ఆ నీళ్లలోకి అడుగుపెట్టడం జీవితంలో అదే మొదటిసారి. దూరంనుంచి దాని పొగరు చూసింది, ఇవాళ దాని వీపు మీద ఎక్కి దిగింది. తెలిసిన శత్రువు ఇంట్లో భోంచేసి వచ్చినట్టు గర్వంగా ఉంది ఆమెకు.

పంటిసందులో ఒక తెడ్డు విరిగింది. అత్తగారింట్లో పడవ నాలుగు చుట్లు తిరిగితే, "తొందరపడకుండ్రి, ఆమె అలిసినంక ఇడుస్తది," అని చెప్పి కూర్చోబెట్టింది. ఐదో చుట్టుకు ఏరు నిజంగానే వదిలింది. ఒకదాని తర్వాత ఒకటి, ఆమె ఎక్కడ వంగమంటే అక్కడ దెబ్బ తగిలింది, ఎక్కడ ఊపిరి తీసుకోమంటే అక్కడ నీళ్లు నిమ్మళించాయి. పదోదాని తర్వాత పైన వంతెన వచ్చింది. కేకలు విని మోటారు సైకిళ్లు ఆపుకున్న జనం కమ్మీల మీదికి వంగి చూస్తున్నారు. "ఈదమ్మేరా అది!" అని ఎవరో అరిచారు.

వంతెన దాటాక ఏరు వెడల్పయి, పైన ముడత కూడా లేకుండా పరుచుకుంది.

"ఒడ్డుకు కొట్టుండ్రి," అంది ఈదమ్మ. "ఇగ దిగాలె."

"ఇంకొకటి ఉందన్నవు గదా. తిరుగలి."

"ఇదే తిరుగలి. దీంట్లకు పోము."

శ్రవణ్‌కుమార్ లేచి నిలబడి చూశాడు. హిమాలయాల్లో పదేళ్లు నీళ్లు చదివిన కళ్లు అవి. నురగ లేదు, చప్పుడు లేదు. "ఇందులో ఏముందక్కా? సల్లగ పోతాంది."

ఈదమ్మ వాదించలేదు. సంచిలో మిగిలిన బెండ్లలో పెద్దది తీసి నడుమకు విసిరింది. నీళ్లలో మునగని వస్తువు ఏదైనా ఉందంటే అది జొన్నబెండే. అది కాసేపు నిదానంగా తేలింది. ఒక చోట ఆగింది. తర్వాత ఎవరో కిందనుంచి పట్టి లాగినట్టు నిటారుగా లోపలికి పోయింది. అందరూ నీళ్లవైపే చూస్తున్నారు. కోమల లోలోపల అంకెలు లెక్కపెట్టింది. నలభై దాటింది, యాభై దాటింది. బెండు పైకి రాలేదు. చాలాసేపటికి దూరంగా, రేగుచెట్ల మలుపు దగ్గర, తెల్లటి చుక్క ఒకటి తేలింది.

శ్రవణ్‌కుమార్ తెడ్డు కింద పెట్టాడు. "ఒడ్డుకు," అన్నాడు కుర్రాళ్లతో. ఆ ఒక్క మాటే.

ఒడ్డున పడవ దించాక ఆయన ఫోను మోగింది. హైదరాబాదు నుంచి పెద్ద సారు. ఆయన గొంతు ఫోను అవతలినుంచే అందరికీ వినబడుతోంది. మూడు రోజులైంది, ఏ నది?

"కృష్ణనే సార్. డౌటే లేదు," అన్నాడు శ్రవణ్‌కుమార్. "ఆ, గైడా? ఋషికేశ్ వాళ్లకు టికెట్లు తియ్యకుండ్రి సార్ ఇప్పుడే. వాళ్లు వచ్చినా ముందుగాల నెల రోజులు ఈడ నేర్చుకోవాలె. గైడ్ ఉంది. ఈదమ్మ అని, ఈ ఊరామెనే."

వీరేశం తువ్వాల ముఖానికి అడ్డం పెట్టుకుని చెమట తుడుచుకున్నట్టు చాలాసేపు తుడుచుకున్నాడు. కోమల అమ్మ తడి భుజం మీద ముఖం ఆనించింది. "నా చేత్తోని రాసిననమ్మా ఆ కాగితం," అంది. ఈదమ్మ ఆ పిల్ల వీపు మీద ఒక చరుపు చరిచింది, గట్టిగానే. "మల్ల రాయి. పదకొండు పేర్లు గూడ రాయి," అంది.

ఫోనులో పెద్ద సారుకు తొందర ఎక్కువైంది. అయితే ఈ ఆదివారమే మొదలుపెడదాం, నలభై మంది అడుగుతున్నారు, అవును అను చాలు, ఇప్పుడే చెప్పేస్తాను అంటున్నాడు.

"ఆదివారమా?" శ్రవణ్‌కుమార్ ఏటివైపు తిరిగాడు. అప్పటికే ఈదమ్మ మోకాలి లోతు నీళ్లలోకి దిగి నిలబడి ఉంది. "జర ఆగుండ్రి సార్. ఈదమ్మక్క నీళ్లు చూస్తాంది. ఆమె చెప్పినంక చెప్త."

అందరూ ఆగారు. కుర్రాళ్లు పడవ గాలి తీయడం మాని నిలబడ్డారు. ఫోనులో పెద్ద సారు కూడా గొంతు తగ్గించి ఆగాడు. ఈదమ్మ దోసిట్లో నీళ్లు తీసుకుని రంగు చూసింది. రెండు వేళ్ల మధ్య ఒండ్రు రాసి చూసింది. ఎగువన జూరాల వైపు తలెత్తి మబ్బు చూసింది. ఆదివారం దిగవచ్చో లేదో ఆమెకు అప్పటికే తెలుసు. అయినా తొందరపడలేదు.